చెల్లుబాటు

ఓడ నిద్రపోయాక
బిల్లులు అచ్చువేయడం నా పని.
అడుగు అంతస్తు, కిటికీ లేని గది, ప్రింటరు వేడి.
ఆరువందల గదుల విస్కీలూ లాండ్రీలూ
నవ్వమని తీసిన ఫొటోలూ
కాగితాల మీదికి వరసగా దిగుతాయి.
తలుపుల కిందనుంచి వాటిని తోసేది ఇంకెవరో,
పొద్దున కౌంటరులో తిట్లు తినేది నేను.

నాలుగువేల నూట పదిహేడు గదాయన తిట్టలేదు.
విల్ఫ్రెడ్ స్కెల్టన్. హల్ పట్నంలో
ముప్ఫై ఒక్కేళ్ళు బస్సు కండక్టరు.
రోజూ ఆరున్నరకి వచ్చి
కోటు లోపలిజేబులోంచి చిన్న పుస్తకం తీసి
"ఖతూనా, నా లెక్కా నీ లెక్కా ఒకటేనా?" అనేవాడు.
నా పేరుబిళ్ళ పూర్తిగా చదివింది
ఆ ఓడలో ఆయనొక్కడే.
నిన్నటి టీకి గీత గీసుకొచ్చాడు.
టీ ఉచితమంటే
గీత కొట్టేసి, దానివంక కాసేపు చూసి,
దొరికిన డబ్బులా దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

రోజుకింతని మా బక్షీసు
ఖాతాలో దానంతటదే పడుతుంది.
మూడోనాడు దాన్ని తీసేయించుకోడానికి క్యూ కడతారు,
బాల్కనీ గదులవాళ్ళే ముందు.
ఆయన ఆ అంకెని మొదటి పేజీలోనే,
ఇంటిదగ్గరే రాసుకొచ్చాడు.

బెర్గెన్ చేపల బజారులో
మెషీను అడిగిందట, పౌండ్లా, క్రోనర్లా అని.
"పౌండ్లు నొక్కావో, మర్యాదగా జేబు కొడుతుంది"
అని వెనకున్న ఇద్దరు ముసలమ్మలకి పాఠం చెప్పాడట.
తను కొన్నదేమీ లేదు.
రొయ్యల ధర చదివి, కోటు గుండీ పెట్టుకుని,
పొద్దున నాప్‌కిన్లో చుట్టుకెళ్ళిన గుడ్లు
రేవు బల్లమీద కూచుని తిన్నాడు.

నాకు తెలుసు ఆ మెషీను సంగతి.
నా జీతం డాలర్లలో పుడుతుంది.
బాతుమిలో అమ్మ చేతికి చేరేలోపు
గడప గడపకీ చిటికెడు రాలుతుంది,
చిల్లున్న సంచిలో పిండి మోసినట్టు.

గోథెన్‌బర్గ్ రేపనగా ఒక కవరు తెచ్చాడు.
పైన ఆడచేతి రాత:
'స్వీడన్. మళ్ళీ వెళ్ళినప్పుడు.'
లోపల నీలం నోట్లు అయిదు,
ఇస్త్రీ చేసినట్టున్నాయి.
"కమిషన్ లేదు, మార్పిడి లేదు.
మా ఎనిడ్ తెలివి చూశావా?"

ఆ నోట్లు ఆగిపోయి ఏళ్ళయింది.
ఈ ఉద్యోగంలో నాకు నేర్పిన
క్షమాపణ వాక్యాలు పదకొండు,
ఒక్కటీ పనికిరాలేదు.
మామూలుగా చెప్పేశాను.

ఆయన బొటనవేలితో నోటు అంచు తడిమాడు,
చీకటి బస్సులో చిల్లర పోల్చుకునేవాళ్ళలా.
"ఎప్పటినుంచి?"
చెప్పాను.
వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు.
"అయితే తనున్నన్నాళ్ళూ చెల్లేవే.
నయం."

పెద్దబ్యాంకుకి పంపొచ్చు, ఫారం ఉంటుందన్నాను.
ఇవి మీకెలా వచ్చాయో రాయమని అందులో ఒక గడి.
గడి ఎంతుంటుందని అడిగాడు.
వేళ్ళతో చూపించాను.
"చాలదు" అన్నాడు.

మర్నాడు ఊళ్ళోకి ఉత్తచేతులతోనే వెళ్ళొచ్చాడు.
ట్రాముల్లో కండక్టర్లు లేరని మాత్రం చెప్పాడు,
రెండుసార్లు.

చివరి పొద్దున
ఓడెక్కేటప్పుడు కట్టిన నగదులో
మిగిలింది ఆరు పౌండ్ల ముప్ఫై అయిదు.
నేను నలభై ఇచ్చాను, నిద్రలేని కళ్ళు.
అయిదు పెన్నీలు వెనక్కి జరిపి
పుస్తకం నా వైపు తిప్పాడు.
బక్షీసు, రెండు ఉత్తరాల బిళ్ళలు, ఒక సబ్బు.
అన్నిటికింద, గీత గీసి:

స్వీడన్: అయిదువందలు.
ఖర్చు: సున్నా.
నిల్వ: అయిదువందలు.

"నా లెక్కా నీ లెక్కా ఒకటేనా?"

వెనక క్యూలో ఎవరో గడియారం చూసుకుంటున్నారు.
ఒకటేనన్నాను,
ముద్ర వేశాను.