రెండో నంబరు

రాత్రి రెండుంబావుకి ఫోను.
నీళ్ళు కూడా తాగకండి, వచ్చేయండి, అంది భార్గవి.
నీళ్ళు!
రోజుకి మూడు గ్లాసుల లెక్కన
నాలుగేళ్ళుగా బతుకుతున్నదాన్ని,
నవ్వొచ్చింది.

పెదజాలరిపేట నుంచి ఆటో.
హనుమంతవాక మలుపులో డ్రైవర్ అడిగాడు,
ఎవరికి బాగోలేదమ్మా అని.
నాకే, బాగవబోతోంది, అన్నాను.

రెండు కిడ్నీలు. ఆ రక్తం గ్రూపు జాబితాలో నేను రెండు.
హార్బర్‌లో వేలంపాట చీటీలు రాసే నాకు
ఇంత సులువైన లెక్క ఎప్పుడూ తగల్లేదు.

తెల్లారేసరికి తప్పింది.
పోయినాయన మేనల్లుడు అదే జాబితాలో పదహారట.
ఒకటి మా గుంటడికిస్తేనే సంతకం,
లేకపోతే అన్నీ మట్టిలోకే, అన్నారట వాళ్ళు.
గుండె కోసం ఒకరు, కాలేయం కోసం ఒకరు
ఆ ఒక్క మాట మీద వేలాడుతున్నారు.
పెద్ద డాక్టర్లు ఫోన్లలో ఎవరెవరితోనో మాట్లాడి
చివరికి తలూపారు.
భార్గవి నా చెప్పుల వైపు చూస్తూ చెప్పింది.

కారిడార్లో ఆయన భార్య.
క్యారీ బ్యాగులో ఆయన చెప్పులు, పగలని హెల్మెట్.
గోడవారన చక్రాల కుర్చీలో ఆ గుంటడు,
మీసం కూడా సరిగా రాని మొహం.
తిడదామనే వెళ్ళాను.
ఆ సంచి ఎక్కడ దించాలో ఆవిడకి తెలీడం లేదు.
బెంచీ మీద పక్కకి జరిగాను.

ఇంటికొచ్చి మూడు గ్లాసులూ ఒకేసారి తాగేశాను.

మా నాన్న ఒక్కసారే చెప్పాడు, అదీ తాగి.
తుపాను రాత్రి తెప్ప తిరగబడితే
నీళ్ళలో రెండు తలలు.
దగ్గరున్నది సూరాడోళ్ళ కుర్రాడిది.
దూరంగా ఉన్నది చిన్నాన్నది.
"తెడ్డు దానంతటదే తిరిగిపోనాదే,
నాను తిప్పలేదు."
ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు
మంచి వంజరం పడిన ప్రతిసారీ
సూరాడ నూకాలు గుమ్మంలో ఒకటి పెట్టి
తలుపు కొట్టకుండా వచ్చేసేవాడు.
ఆవిడ వండుకుందో, పిల్లులకేసిందో.
చిన్నాన్న ఇప్పటికీ ఉన్నాడు.
నా పెళ్ళికి ఉంగరం పెట్టాడు.
ఆయన ఉండకూడదని ఏ నోటితో అనను?

మన భాషలో మా వేరు, మన వేరు.
మా అంటే లోపలి నుంచి గడియ పెట్టిన మాట.
మన అంటే ఎదుటివాణ్ణీ కూచోబెట్టుకున్న మాట.
జాబితా మన అంటుంది,
ఎవరి మొహమూ చూడకుండా, నంబర్లతో.
రక్తం మా అంటుంది, ఏడుస్తూ.
ఏడ్చేవాళ్ళకి వ్యాకరణం నేర్పేదెవరు?
నేర్పకపోతే
ఇవ్వడానికి ఏ చుట్టమూ లేనివాడు
ఏ వరసలో నిలబడాలి?

దానం కాగితం నా దగ్గరా ఉంది.
కళ్ళు పనికొస్తాయన్నారు.
ఎవరికైనా ఇవ్వండి, అని రాశాను.
కింద చిన్నక్షరాలతో,
మా పాపకి అవసరమైతే ముందు
అని రాసి కొట్టేశాను.
కొట్టేసినా చదవొస్తోంది.

మొన్న లాసన్స్ బే దగ్గర వాణ్ణి చూశాను.
కాస్త ఒళ్ళు చేశాడు. మీసం దిగింది.
స్ట్రా పడేసి, తలెత్తి,
కొబ్బరిబొండాం గటగటా తాగుతున్నాడు.
నేను గుటకలు లెక్కపెడుతున్నాను, అలవాటు కొద్దీ.
నన్ను గుర్తుపట్టలేదు.
నా ఎడమచేతి మీద ఉబ్బిన నరాన్ని గుర్తుపట్టాడు.
బొండాం వీపు వెనక దాచేశాడు,
దొంగతనం దొరికిపోయిన పిల్లాడిలా.

తాగు, అన్నాను.
మా వాడితో అన్నట్టు కాదు.
మన వాడితో అన్నట్టూ
ఇంకా కాదు.