మూడో వంతు

సాం లూయీ దీవిలో, నదివైపు గదిలో
కిటికీకి వీపు పెట్టి కూర్చుంది మామ్ కోదు.
వెనకాల సెనెగల్ నది,
సాయంత్రపు ఎండకు కాగిన ఇత్తడి పళ్లెం.
పక్కన మనవరాలు, నిన్నటి పెళ్లికూతురు,
గంజి పెట్టిన తెల్లటి బూబూలో
కదిలితే చాలు, కాగితంలా చప్పుడు.

మొదటి ఫోటోలో నది వచ్చింది.
మనుషులు రాలేదు.
మనుషుల ఆకారంలో చీకటి వచ్చింది.

ఫ్లాష్ పెట్టాను.
దానికి తెలుపంటే బెదురు. బట్ట కనబడగానే
చాలు చాలని కన్ను మూసేసింది.
బట్ట బూడిదైంది,
ముఖాలింకా అవతలి రేవులోనే ఉన్నాయి.

మంచునీ బొగ్గునీ ఒకే తక్కెడలో తూచి
సగటు చెప్పే గుమాస్తా ఈ యంత్రం.
దాని మాట వినాలి, విని కాదనాలి:
ఒక మెట్టు పైకి,
ఇంకో మూడో వంతు.

తెర చూపిస్తే అవ్వ చాలాసేపు చూసింది.
"నా పెళ్లికీ తీశాడొకడు, స్టూడియోలో.
ఇదే గొలుసు, బ్రహ్మాండంగా వచ్చింది.
మా ఆయన పళ్లు వచ్చాయి.
గొలుసు వేసుకున్నదెవరో
మా పిల్లలకి ఇప్పటికీ వాదనే."
తను నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వెలుగుని గోడకి కొట్టి మెత్తబరుద్దామంటే
గోడ పచ్చిమామిడి రంగు,
చెంపలకు పాచి పట్టిస్తుంది.
పైకప్పు మరీ ఎత్తు, పైగా పొగచూరింది.

అప్పుడొచ్చాడు గుమ్మంలోకి
పెళ్లికూతురి మేనమామ మాగత్,
చేతిలో మూడో విడత టీ, తియ్యటిది,
ఒంటిమీద తెరచాపంత తెల్ల బూబూ.
"బార చాపి నిలబడండి" అన్నాను.
గ్లాసు కిటికీలో పెట్టి నిలబడ్డాడు,
ఎగరాలా వద్దా తేల్చుకోని కొంగలా.

ఫ్లాష్ తల వెనక్కి, అతని ఛాతీ మీదికి తిప్పాను.
దారి పెరిగింది, బట్ట కొంత తాగేస్తుంది,
బలం పెంచాను.
నది ఒలికిపోకుండా షట్టర్ రెండొందలో వంతు.
అంతకన్నా తొందరపడితే సగం ఫ్రేము నలుపే.

వెలుగు వెళ్లి, మేనమామని తాకి,
చుట్టరికం కలుపుకుని తిరిగొచ్చింది.

అవ్వ చెంప మీద పాత చింతపండు నలుపు,
అంచున గోంగూర పూల ఎరుపు.
కనుబొమ పైన చిన్నప్పటి గాటొకటి
ఇన్నేళ్లకు ఒడ్డెక్కింది.

తెర మీద వేలు పెట్టింది,
తన మీద కాదు, గొలుసు మీద.
"దీన్ని కొంచెం తగ్గించగలవా?"

గుమ్మంలో మాగత్
ఇంకా చేతులు దించలేదు.
టీ చల్లారుతోంది.