మెల్లగా పాడండర్రా

ఆటో రెండుసార్లు ఆగిపోయింది.
ఒకసారి పెట్రోలుకి, ఒకసారి నక్షత్రానికి.
వెదురుబద్దల నక్షత్రం కేబులు తీగకి చిక్కుకుని
ఒక కొమ్ము మేర గులాబీ కాగితం చిరిగింది.
నెల్లిమర్ల దాటి ఆశ్రమం గేటు చేరేసరికి
రాత్రి పదకొండున్నర.
చంపావతి మీంచి లేచిన మంచు
మాకంటే ముందే లోపలికెళ్లి కూర్చుంది.

మఫ్లరులోంచి వాచ్‌మన్ అన్నాడు:
"ఏడింటికొస్తామన్నారు కదా.
కుర్చీలేసుకుని తొమ్మిదిదాకా చూశారు.
బీపీ మాత్రలేసుకుని పడుకున్నారిప్పుడు. రేపు రండి."

రేపు మాకు బొండపల్లి, ఎల్లుండి గుర్ల.
మా కార్యదర్శి రాజారత్నం
జాబితాలో ఈ ఇంటి పక్కన అప్పటికే టిక్కు పెట్టేశాడు.
నా చేతిలో కంజిర ఒక్కసారి గల్లుమంటే
ఏదో దొంగిలించినట్టు అందరూ నావైపు చూశారు.

అప్పుడు వరండా చివర
చీకటే దగ్గినట్టు ఒక దగ్గు.
"ఏటర్రా, యెల్లిపోతన్నారా?"

పోలమ్మ.
జూట్‌మిల్లు గేటు ముందు ముప్పయ్యేళ్లు
మూడో షిఫ్టుకి టీ కాచిన మనిషి.
పొయ్యి ఆరిపోయింది, గ్లాసులు ఎవరో పట్టుకుపోయారు,
మెలకువ మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు.
"మెల్లగా పాడండర్రా. నానొక్కదాన్నీ ఇంతాను.
ఆలు లెగకూడదు."

మెల్లగా పాడటం మాకు రాదు.
మైకు లేకపోతే మా సంఘంలో ప్రార్థనైనా సాగదు.
పశులతొట్టిలో పాపని నిద్రపుచ్చే పాట కూడా
ఊరవతలికి వినపడేలా పాడతాం.

కంజిరని తువ్వాల్లో చుట్టాను.
జయశీలుడు డోలక్ మీంచి అరచేతులెత్తి
వేళ్ల చివర్లు ఆనించాడు.
క్రిస్మస్ తాత వేషంలోని మోషే
ముసుగు తీసి చంకలో పెట్టుకుంటే
చెమటపట్టిన పదో తరగతి మొహం బయటపడింది.

పాడాం.
పిల్లలు పడుకున్నాక ఒక్కగది ఇంట్లో
పెద్దవాళ్లు అప్పుల గురించి మాట్లాడుకున్నట్టు
గుసగుసగా, ఒకరి నోటికి ఒకరు చెవి ఒగ్గి.
రక్షకుడు పుట్టాడన్న మాట
అంత రహస్యంగా ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.
చెబుతుంటే నాకే కొత్తగా వినిపించింది.

రెండో చరణంలో, లోపలి గదిలోంచి:
"ఎవుడ్రా అది? తాళం తప్పుతంది."

ఎర్రన్న.
తప్పెటగుళ్ల జట్టుకి ముందు నిలబడి గంతేస్తే
గజ్జెలు పక్కూరికి వినపడేవట.
ఇప్పుడు ఒక చెప్పు తనది, ఒకటి పక్క మంచం వాళ్లది,
గోడ పట్టుకుని వచ్చి గడప మీద కూలబడ్డాడు.
డోలక్ ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు.
"అది ఒల్లో వోయించీది. మాది ఇక్కడ."
స్వెట్టరు బొత్తాలు విప్పి
రెండు చేతులూ రొమ్ముకి ఆనించాడు.

తప్పెట ఏ అటక మీద తుప్పు పడుతోందో.
దాని వెనక ఉండే ఎముకలు మిగిలాయి.
వాటి మీదే వాయించాడు,
టప్, టపటప్,
లోపల ఊపిరి గరగరలాడుతూ శ్రుతి పట్టింది.

పాటలో గొల్లలు వచ్చారు.
చెయ్యి ఆపాడు.
"గొల్లలా? ఏ వూరోలు?"
"బెత్లెహేమండి. రాత్రి మంద కాస్తుంటే దూత కనపడి
బాలుణ్ణి చూడ్డానికి పరుగెత్తారు."
"మందనొగ్గీసా?
మరి గొర్రెల కాడ ఎవులున్నారు?"

ఇరవై ఏళ్లుగా పాడుతున్నాను ఆ చరణం.
రాజారత్నం బైబిలు తెరవబోయి మానేశాడు.
మోషే ముసుగు వంక చూసుకున్నాడు.
పోలమ్మే అంది,
"నిద్దరట్టని ముసిల్దెవుల్తో ఉండుంటాదిలే.
పాడండి, ఆపకండి."

వెళ్లేటప్పుడు కేకు ఆమెకే అప్పజెప్పాం.
ఇరవై ఏడు ముక్కలు, షుగరున్నవాళ్లవి చిన్నవి.
ఆటో మలుపు తిరుగుతుంటే
చిరిగిన నక్షత్రం కొమ్ములోంచి చూశాను.
ఆమె పెట్టెని బల్ల మీద పెట్టి
చీమలు రాకుండా దాని చుట్టూ
పసుపుతో, నెమ్మదిగా, గీత గీస్తోంది.