లేని చెట్టు నుంచి పదకొండు అడుగులు

బుధవారం తెల్లవారుజామున మూడూ ఇరవైకి
మా మూడో క్రాసులో ఒక ఇనుము మూలుగుతుంది.
కొత్తగా దిగినవాళ్లకి అది దొంగల అలికిడి.
మాకు ముద్దరంగప్ప.

నిలువెత్తు తాళంచెవి భుజానేసుకుని
ఎప్పుడో మడకశిర నుంచి బెంగళూరొచ్చినవాడు,
రోడ్డు మధ్యన వంగి
మా వీధి గొంతు తిప్పుతాడు.
ఇరవై రెండు చుట్లకి మా వరస ఇళ్లు.
ఇంకో ఆరు తిప్పితే
మిట్ట మీద రేకుల ఇళ్లు.
ఆ ఆరు ఏ కాగితంలోనూ లేవు.

ఇక ఒక్కొక్క లైటే వెలుగుతుంది.
సంపు మూతలు లేస్తాయి.
కింది పోర్షను మల్లీశ్వరి గొట్టంలో
ముందు గాలి దగ్గుతుంది, తుప్పు ఉమ్ముతుంది,
తర్వాతే
వంద కిలోమీటర్ల అవతలి ఏరు
ఆవిడ ఎర్ర ప్లాస్టిక్ బిందెలోకి దిగుతుంది.
"బంతా?" అని ఒక కిటికీ.
"వచ్చె, వచ్చె" అని ఇంకో మేడ.
రాని రోజున మాత్రం
అందరం ఒకే బూతు వాడతాం.

ఈ ఏడాది మా రోడ్డును నాలుగుసార్లు కోశారు.
గ్యాసువాళ్లు కోశారు.
కేబుల్‌వాళ్లు కోసి, కుట్టకుండా పోయారు.
మోరీవాళ్లు.
మళ్లీ గ్యాసువాళ్లు,
ఏదో మరిచిపోయి వెనక్కొచ్చినట్టు.
చివరికి ఒక రాత్రి
సెగలు కక్కే తారు పోసి, ఇస్త్రీ చేసి,
పొద్దుటికల్లా మాయమయ్యారు.
ఎంత నున్నగా ఉందో!
ఎవరూ చూడకుండా నేను కూడా
చెప్పులు విడిచి ఒకసారి అటూ ఇటూ నడిచాను.

బుధవారం వచ్చింది.
ఇనుము మూలగలేదు.

వాల్వు మూత తారు కిందికి పోయింది.
ఇంజినీరు కుర్రాడు ట్యాబ్ తెచ్చాడు.
అందులో మా వీధి నీలిగీతలతో
మేం ఎన్నడూ చూడనంత శుభ్రంగా ఉంది.
చుక్క ఉన్నచోట తవ్వితే మన్ను.
ఇంకోచోట తవ్వితే గ్యాసు వాసన, అందరి పరుగు.
ట్యాంకరువాడు పన్నెండు వందలన్నాడు,
మర్నాడు పదహారన్నాడు,
ఆ మర్నాడు ఫోనే ఎత్తలేదు.
గిన్నెలు కడగలేక మల్లీశ్వరి
పెళ్లివారిల్లులా విస్తరాకుల కట్ట కొనుక్కొచ్చింది.

ఆ నాలుగు రోజులూ ముద్దరంగప్ప
మందులషాపు మెట్టు మీదే కూర్చున్నాడు,
తాళంచెవి ఒళ్లో పెట్టుకుని.
"చెప్పొచ్చు కదయ్యా" అంది ఆవిడ, ఉండబట్టలేక.
"నన్నెవురు అడిగినారు మా?"

లేచాడు.
కరెంటు డబ్బా దాటి
ఖాళీ గాలికి చెయ్యానించి ఆగాడు.
అక్కడ కానుగ చెట్టు ఉండేదట.
రోడ్డు వెడల్పులో పోయిందట.
మేం వచ్చి మూడేళ్లే, మాకేం తెలుసు.
మానుకి వీపు ఆనించినట్టే నిలబడి
తూర్పుకి కొలిచాడు.
పదకొండో అడుగు దగ్గర తటపటాయించి
"మోకాలు సచ్చింది, అడుగు కురచైంది" అని
అర పాదం కలిపాడు.
తాళంచెవి మొనతో కొట్టాడు.
కింద ఇనుము పలికింది.

కుర్రాడు సిగ్గుపడుతూనే ట్యాబ్ తీసి
"గుర్తు ఏం రాయమంటారు?" అన్నాడు.
"కానిగి చెట్టు" అన్నాడు ముద్దరంగప్ప.
కుర్రాడు కాసేపు వేలు గాల్లో ఉంచి
ట్యాబ్ మూసేశాడు.

మార్చితో ఆయన కాంట్రాక్టు అయిపోతుంది.
ఆ రాత్రి వీధి సద్దుమణిగాక
నేనూ వెళ్లి ఆ గాలి దగ్గర నిలబడ్డాను.
నా అడుగులకి పద్నాలుగు.
పాలలెక్క కాగితం వెనక రాసుకున్నాను,
కింద ఇంకో వరసలో
ఇరవై రెండు,
మళ్లీ ఆరు.