ఏడో ఛానెల్

గ్లవ్ బాక్స్ తొడుగుల్లో
ఇంకా చెమట తడి.
పొద్దున త్సెహాయ్ చేతులు,
ఇప్పుడు నావి.
తార్నాకలో ఆగస్టు. బయట ముసురు,
లోపల ఆర్గాన్.
నీటిబొట్టు తగిలితే సోడియం ఊరుకోదు.

అడిస్ అబాబా నుంచి మూడు నెలలకి వచ్చింది.
మొదటి వారం ప్రెస్ దగ్గర
మూడే మాటలు నేర్చుకుంది తెలుగులో:
గట్టిగా. మెల్లగా. ఇంకోటి.

మోండా మార్కెట్లో చింతపండు ఒలిచే సాయవ్వ
రెండు గోతాల పెంకులు ఊరికే ఇచ్చింది.
"వీటితోని ఏం జేస్తరు బిడ్డా?"
"బొగ్గు జేసి, అండ్ల కరెంటు దాస్తం."
"దాస్తే పురుగు పట్టదా?"
ఆ మాట ఇంగ్లీషు చేసి చెప్తే
త్సెహాయ్ నవ్వలేదు,
నోట్‌బుక్కులో రాసుకుంది.

పట్టింది నిజంగానే.
రూపాయి బిళ్లంత బ్యాటరీలు పదహారు చేస్తే
నలభయ్యో సైకిల్‌కి సగం చచ్చాయి.
మళ్లీ కడిగాం, కాల్చాం, నూరాం.
తన పేరుకి సూర్యుడని అర్థమట.
ఫర్నేసు ముందు నిలబడి చెప్పింది,
కోటు చేత్తో మెడ తుడుచుకుంటూ.

వెళ్లే రోజు శంషాబాద్ దాకా పోలేదు నేను.
ఆ రాత్రి కరెంటు పోయింది.
యూపీఎస్ పక్కన స్టూలేసుకుని
కాపలా కూర్చున్నా.
ఏడో ఛానెల్లో తన బిళ్ల ఒక్కటి
నిండుతూ, ఖాళీ అవుతూ,
నిండుతూ.

అప్పట్నుంచి క్షేమం కబుర్లు రాసుకోం.
ఒక్క అంకె పంపుతా.
నిన్న, ఆరు వందల పదకొండు.
అర్ధరాత్రి జవాబొచ్చింది,
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
ఇంకోటి.