ఏడు నిమిషాలు ముందున్న గడియారం

తిబిలిసీ, ఎలియావా బజారు. నా షెడ్డు రేకు కింద
నుక్రీ ఓపెల్ బానెట్ నోరు తెరుచుకుని నిలబడింది.
లోపలంతా రొట్టెల వాసన.
తెల్లారకముందే బట్టీ నుంచి కొట్లకు
పడవల్లాంటి పొడుగాటి రొట్టెలు మోసే బండి మరి,
పెట్రోలు కంపు కూడా దాని ముందు గొంతు తగ్గించుకుంటుంది.

సెన్సర్లు రెండూ మార్చాను.
గాలి లెక్క చెప్పేది ఒకటి, పొగ రుచి చూసేది ఒకటి.
అయినా బండి దగ్గుతోంది. నల్లగా.
"కొత్తవని చెప్పి పాతవే అంటగట్టావా, లమారా?"

కాదయ్యా.
పాతది ఏడాదిగా అబద్ధమాడింది,
గాలి తక్కువ, గాలి తక్కువ అని.
ఈ కంప్యూటరేమో ఆ మాటకారితనంతో కాపురం చేసీ చేసీ
అడిగినదానికి పైన ఇంకో చారెడు పోయడం నేర్చుకుంది.
ఇవాళ నిజం చెప్పేవాడొచ్చాడు.
చెయ్యి మాత్రం ఆ చారెడు మానలేదు.

పదో నంబరు పానాతో బ్యాటరీ నెగిటివ్ వైరు విప్పాను.
"ఆగాగు! గడియారం!"
అప్పటికే ఆరిపోయింది.
"అది ఏడు నిమిషాలు ముందుండాలి" అన్నాడు,
పిల్లాడి టీకా తేదీ మరిచిపోయినవాడి మొహంతో.

గ్రీజు వేలితో గోడ మీద రాశాను: 7.

బ్రేకు తొక్కి పట్టమన్నాను,
వైర్లలో దాక్కున్న ఆఖరి కరెంటు చుక్కా కారిపోవాలని.
పావుగంట.
రొట్టె తుంచి సగం నాకిచ్చాడు.
మనుషులకీ ఇలా ఓ వైరుంటే, అనబోయాడు.
నములు, అన్నాను.

తాళం తిప్పితే
ఇంజన్ కొత్త చెప్పుల వాడిలా తడబడింది,
ముల్లు పడింది, లేచింది, మళ్లీ పడింది.
"ఏసీ వద్దు, లైట్లొద్దు, పది నిమిషాలు దాని మానాన వదిలెయ్.
రెండు మూడు రోజులు మెల్లగా నడుపు.
నీ కాలు బరువెంతో దానికింకా తెలియదు."

పసుపు దీపం వెలగలేదు. పొగా లేదు.
గడియారం మాత్రం పన్నెండు అంటోంది.
టైమెంత అని అడిగాడు.
నాలుగుంపావు.
బటన్ నొక్కీ నొక్కీ
నాలుగూ ఇరవై రెండు దగ్గర ఆపాడు.

"సరైన టైమే పెట్టుకోవచ్చుగా,
ఎలాగూ ముందుందని తెలుసు కదా?"
"తెలుసు" అన్నాడు. "తెలిసే తొమ్మిదేళ్లుగా పరుగెడుతున్నా."

వెళ్లిపోయాడు, నది వైపు, మెల్లగా.
గోడ మీద ఏడు అలాగే ఉంది.
ఏమిటది అని ఎవరైనా అడిగితే
బాకీ అంటాను.