రెండు వేళ్ల బట్ట

నర్సిరెడ్డి సారు షాపులకొచ్చి
చెప్పులిడిసి, ఈసారి ఊపిరి బిగబట్టకుండనే నిలబడ్డడు.
"కొల్వు" అన్నడు.
నడుము ముప్పయ్యారు.
నిరుడు దసరాకు నలభై. కొలతల పుస్తకం తిప్పి సూపెట్టిన.

జేబుల కెల్లి డబ్బా తీసిండు, వారానికి ఏడు అరలు.
చేపనూనె గోలీ, ఎండ విటమిన్, అశ్వగంధ,
ఇంకేదో పసుపుపచ్చది, దాని పేరు నాకు నోరు తిరగలే.
చాయిల చక్కెర బంద్.
పొద్దుగూకినంక ముద్ద ముట్టడు.
తెల్లారకముందే ఉదయసముద్రం కట్ట మీద
ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్ల ఈ కొసకు.
చేతి గడియారం చెప్పిందట,
అరవై మూడేండ్ల మనిషికి నలభై తొమ్మిదేండ్ల గుండె అని.
"ఇంకో ఏడాదికి ఎంత తగ్గుతనో సూడు."

నా టేపు అరవై కాడనే అయిపోతది సారూ,
ఆ పైన దానికి లెక్క రాదు.

నవ్విండు. పండ్లు తెల్లగ, వరుసగ ఉన్నయి.
ఆ పండ్లు జూస్తే ముత్తిలింగం యాదికొచ్చిండు.

మర్రిగూడ దిక్కు మనిషి.
పెండ్లి అంగీకి కొలత ఇయ్యొచ్చిన నాడు ఇరవై ఎనిమిదేండ్లు.
ముందట పొడుగు ఇరవై ఆరు,
వెనక ముప్పై.
అది ముసలోళ్లకు కత్తిరించే లెక్క.
వీపు వంగితే వెనక బట్ట ఎక్కువ వడ్తది,
ముందట మిగుల్తది.
పండ్ల మీద గోధుమరంగు చారలు.
మెడ తిప్పమంటే మనిషి మొత్తం తిరిగిండు.
ఏ అలవాటు తప్పిండని?
ఊర్ల బోరింగు నీళ్లు తాగిండు, అంతే.
"జర సక్కగ నిలబడు తమ్మీ" అన్న,
అందరికి అన్నట్టే.
ముప్పయ్యేండ్లాయె,
నోట్ల పెట్టుకున్న గుండుసూది మింగినట్టే ఉంటది ఇప్పటికి.

పోయిన ఐతారం ఆయన కొడుకొచ్చిండు, శ్రవణు.
గదే వయసు.
టేపు ముందట పట్టిన, వెనక పట్టిన,
నమ్మబుద్ధిగాక మళ్లొకసారి పట్టిన.
"ఏంది పెద్దనాయినా, మర్శిపోతున్నవా?" అన్నడు.
రెండూ ఒక్కతీరు.
వీడు పాకుతున్న నాటికి కృష్ణ నీళ్లొచ్చినయట వాళ్ల వాడకు.
ఏడు అరల డబ్బాల పట్టని మందు అది,
వాడకట్టంత ఒక్క నల్లా కింద బిందె పెట్టాలె.

సారును తక్కువ చేస్తలేను.
నేను గూడ పొద్దుగాల తైదంబలి తాగుతున్న,
రాత్రి కాల్షియం గోలీ మింగుతున్న.
నలభయ్యేండ్లు మిషన్ మీద వంగిన మెడ నాది.
మొన్న షెట్టరేసినంక
కళమ్మ టేపు అందుకున్నది.
"ఊరందర్ని కొలిసినవ్, నిన్నెవలన్న కొలిసిండ్రా?"
ముందట ఇరవై ఏడు.
వెనక పట్టింది. ఆగింది.
"ఎంత?"
"లైటు సక్కగ లేదు, తెల్లారి జూద్దాం."
తెల్లారి నేనడగలే,
ఆమె టేపు ముట్టలే.

పోతపోత సారు గుమ్మంల తిరిగి జెప్పిండు:
"నడుము కాడ లోపల బట్ట ఇడువకు, కోసెయ్.
మళ్ల లావయ్యేది లేదు నేను."
సరే అన్న. కత్తెర పట్టిన.

ఎంతటి మనిషికైనా
రెండు వేళ్ల బట్ట లోపల దాసి కుట్టుమని
మా నాయిన జెప్పిండు.
సారుకు జెప్పలే.